బంకనేలలో బంగారము

కోనసీమవారికి బంకమట్టిని గూర్చి క్రొత్తగా చెప్పవలసిన పని లేదు. తొలకరి పడిన తరువాత అమలాపురము, రాజోలు, కొత్తపేట ప్రాంతములలో చేనిగట్టు వెంబడి నాలుగడుగులు వేసినవానికి పాదములు రెండింతల బరువెక్కును. నాగలికి పట్టిన మన్ను నీళ్లు చల్లినంతమాత్రమున వదలదు, పుల్లతో గీకవలసినదే. ఈ బంకతనము కుమ్మరికి జీవనాధారము. వరిమడిలో నీరు ఇంకిపోకుండ నిలుపునదియు ఇదియే. కాని యీ గుణమే ఒక పరిశ్రమకు పరమశత్రువు. ఏరులు తెచ్చి పేర్చిన ఒండ్రునేలలోనుండి బంగారమును వేరుచేయు పరిశ్రమ యది. బంక హెచ్చుగా గల నేలలో అట్టి యంత్రశాలను నెలకొల్పదలచినవారు మొట్టమొదట ఏమి ఆలోచింపవలెనో, బంగారుగనులు లేని గోదావరి డెల్టావారికి ఆ సంగతి ఏల తెలిసియుండవలెనో ఈ ప్రసంగమున వివరింపదలచినాము.

ప్రకృతిలో బంగారము ముఖ్యముగా రెండు విధములుగా లభించును. మొదటిది రాతిలోని బంగారము. అనంతపురము సీమలోని రామగిరి, కర్నూలు జిల్లాలోని జొన్నగిరి, చిత్తూరు జిల్లాలోని చిగురుకుంట ఈ కోవకు చెందినవి. 2001లో మూతపడిన కోలారు గనులును అట్టివే. అచ్చట రాతిని పగులగొట్టి, పిండిచేసి, బంగారమును తీయవలెను. రెండవది ఒండ్రు బంగారము. బంగారపు ఈనెలు గల కొండలు ఎండకు వానకు శిథిలమై, ఏరులు ఆ శిథిలములను మోసికొనిపోవునప్పుడు, విడివడిన బంగారు రేణువులు ఏటి అడుగున గులకరాళ్ల సందులలో చేరును. ఝార్ఖండులోని సువర్ణరేఖానది యిసుకలోను, కేరళమున నిలంబూరు దగ్గర చాలియారు నది ప్రాంతమునను ఇట్టి రేణువులను కడిగి తీసెడి ఆచారము చిరకాలముగా కలదు. రాతిని పగులగొట్టు పనిని ప్రకృతియే చేసిపెట్టినది గనుక రెండవ విధము సులభమని తోచును. నేల బంకనేల కానంతవరకు ఆ మాట నిజమే.

గోదావరి త్ర్యంబకమున పుట్టి 1465 కిలోమీటర్లు ప్రవహించి మన తీరమును చేరుచున్నది గదా, అది కోనసీమకు బంగారమును తేలేదా అని కొందరు ప్రశ్నింపవచ్చును. దీనికి సమాధానము బరువులో నున్నది. నీటికంటె బంగారము 19 రెట్లకు పైగా బరువైనది. సామాన్యమైన యిసుక రెండున్నర రెట్లకు కొంచెము పైన. ప్రవాహము వాలునేలమీద వడిగా నున్నంతవరకే బరువైన రేణువులను కదలింపగలదు. వడి తగ్గగానే మొదట బంగారము, తరువాత గులకరాయి, తరువాత యిసుక దిగిపోవును. తుట్టతుదకు మిగిలినది అతిసూక్ష్మమైన బంకమన్ను. ఆ బంకమన్నుతోను సన్నని యిసుకతోను ఏర్పడినదే మన డెల్టా. బంగారము ఎగువనే ఆగిపోవును. మనకు దక్కినది వరియు కొబ్బరియు పండు నేల.

అయినను బరువును బట్టి ఖనిజములను వేరుచేయు ప్రకృతి యంత్రశాల మన తీరముననే కలదు. అంతర్వేది మొదలుకొని తీరము వెంబడి నడచువారికి తెల్లని యిసుకమీద నల్లని చారలు కనిపించును. అవి ఇల్మనైటు, మాగ్నటైటు వంటి బరువైన ఖనిజముల రేణువులు. వానితోపాటు గార్నెట్టు, సిల్లిమనైటు, జిర్కాను, మోనజైటు కూడ నుండును. దక్కను పీఠభూమిలోని నల్లరాయి కొన్నింటిని, పాపికొండలను కలుపుకొనిన తూర్పుకనుమల శిలలు కొన్నింటిని గోదావరికి అర్పించినవి. అల వచ్చి యిసుకనంతయు కలచును; వెనుకకు మరలునప్పుడు తేలికదానిని లాగికొనిపోవును; బరువైనది ఒడ్డున నిలుచును. ఇచ్చట గమనింపదగిన విషయ మొకటి కలదు. నల్లయిసుక చారలు బంకరేవులలో కనబడవు. అలలు బంకను పూర్తిగా కడిగివేసిన చోటనే అవి ఏర్పడును. బంకను తొలగించిన పిమ్మటనే బరువు తన పని తాను చేయగలదు. మనము చెప్పదలచిన యంత్రశాలకు మూలసూత్ర మిదియే.

మన ఊళ్లలో ఈ సూత్రమును ఎరిగి బ్రతికిన వృత్తివారు లేకపోలేదు. కంసాలి కుంపటి బూడిదను, అంగడి ముంగిటి దుమ్మును కొనుక్కొనిపోయి, నీటితో కడిగి, అందులోని బంగారపు రజనును తీసెడివారిని జలగడుగువారందురు. పళ్లెములో దుమ్మును పోసి నీటితో కలిపి, గుండ్రముగా త్రిప్పుచు మురికినీటిని అంచుమీదుగా వంచివేయుదురు. నీరు తేటపడువరకు వంచుచునే యుందురు. మురికి యుండగా బంగారము కొరకు వెదకరు. ఎంత పెద్ద యంత్రశాలయైనను ఈ పళ్లెమునకు విస్తరణమే.

ఇక బంక చేయు కీడులను విచారింతము. అవి ముఖ్యముగా మూడు. మొదటిది, ఉండకట్టుట. తడిసిన బంకముద్దను ప్రవాహములో వేసిన అది కరగుటకు మారుగా దొర్లి దొర్లి నున్నని ఉండయగును. దొర్లునప్పుడు దారిలోని గులకరాళ్లను, బంగారపు రేణువులను కూడ తనకు అంటించుకొని, తొట్టి చివరనుండి బయటకు పోవును. లోపలనున్న బంగారము రాకపోగా, అంతకుముందు తొట్టిలో చిక్కిన బంగారమును సైతము దొంగిలించుకొని పోవునన్నమాట. రెండవది, నీరు చిక్కబడుట. బంక కలిసిన నీరు అంబలివలె నుండును. సన్నని బంగారము గుండ్రని గింజగా గాక చింతాకువంటి పలుచని రేకుగా నుండుట తరచు. ఆ రేకు చిక్కని నీటిలో అడుగునకు దిగకమునుపే కొట్టుకొనిపోవును. మూడవది, బురద తేరకుండుట. వాడిన నీటిని మరల వాడుకొనవలెనన్నను, వదలివేయవలెనన్నను, బంక దానిలోనే తేలియాడుచుండును.

కావున ప్రణాళిక వేయువాడు బంగారమెంత యున్నదను ప్రశ్నతోపాటు, బంక యెంత, అది యెట్టిది అను ప్రశ్నలను వేసికొనవలెను. నేలను గళ్లుగా విభజించి, ప్రతి గడియందును గుంట త్రవ్వియో, గొట్టము దింపియో మన్ను తీయవలెను. పైపొరనుండి అడుగురాతివరకు ప్రతి పొరను వేరువేరుగా కొలువవలెను; ఏలయన ఒండ్రు బంగారము తరచుగా అడుగురాతిని ఆనుకొనియే యుండును. ఒక్క పిడికెడు మంటిలో ఒక పెద్ద రేణువు పడిన లెక్క ఆకాశమునంటును, పడకున్న శూన్యమగును. అందుచేత బస్తాలకొలది మన్ను కడిగి చూచినగాని సగటు తెలియదు. దొరికిన బంగారమును జల్లెడలతో పరిమాణమును బట్టి వేరుచేసి, ఏ కన్నపు జల్లెడలో ఎంత నిలిచినదో వ్రాసికొనవలెను. యంత్రముల ఎంపిక అంతయు ఆ పట్టికమీదనే ఆధారపడును.

బంక పరీక్షకు పెద్ద ప్రయోగశాల అక్కరలేదు. ఒక ముద్దను తడిగానే నీటిలో వేసి, మరియొక ముద్దను ఎండలో బాగుగా ఎండించి నీటిలో వేసి, రెండును ఎంతసేపటికి విడిపోవునో చూడవలెను. వేసవిలో నెఱెలు విచ్చిన చేనిలోని పెళ్ల మొదటి తడికే పిండియై కూలుటయు, తడిసియున్న ముద్ద గంటలకొలది నీటిలో నానినను ముద్దగానే యుండుటయు మన రైతులకు తెలిసినదే. అదే మట్టి వేసవిలో ఒక తీరుగను, వర్షకాలమున ఒక తీరుగను ప్రవర్తించును. వేసవిలో తీసిన మట్టితో మాత్రమే పరీక్షచేసి యంత్రమును కొనినవాడు శ్రావణమాసమున చిక్కులపాలగును.

లెక్కను ఒక ఉదాహరణముతో చూతము. గంటకు 25 ఘనమీటర్ల నేలను కడుగు యంత్రశాల రోజునకు 8 గంటలు నడచునను కొందము. అనగా రోజునకు 200 ఘనమీటర్లు. ఘనమీటరునకు 0.2 గ్రాముల బంగారమున్నదని భావింతము. అది రెండు మూడు ఆవగింజలపాటి మాత్రమే. ఘనమీటరు నేల ఎండుబరువు 1.6 టన్నులైనచో, 80 లక్షల పాళ్ల మంటిలో ఒక పాలు బంగారమన్నమాట. దినమునకు నేలలోనున్న బంగారము 40 గ్రాములు. మన లెక్కలో ఐదు కాసులు. బంక ఉండలు అందులో సగమును మోసికొనిపోయిన మిగులునది రెండున్నర కాసులు. త్రవ్విన ఖర్చు, చమురు ఖర్చు, కూలి ఖర్చు మాత్రము సగము కావు. లాభమునకును నష్టమునకును నడుమనున్న గోడ ఈ బంక ఉండయే.

యంత్రముల వరుస ఈ విధముగా నుండవలెను. త్రవ్విన మన్ను మొదట ఇనుపకమ్ముల జల్లెడమీద పడును; బండరాళ్లు అచ్చటనే తొలగును. గొట్టములనుండి వడిగా చిమ్ము నీరు ముద్దలను కొంత విరుగగొట్టును. అటుపిమ్మట మన్ను తిరుగుడు పీపాలో ప్రవేశించును. పీపా లోపలి గోడకు బిగించిన ఇనుపరెక్కలు మంటిని పైకెత్తి జారవిడుచుచుండును. గులకరాళ్లు ఒకదానినొకటి రాచుకొనుచు బంకను చిదుపును. బంక మరీ గట్టిదైనచో పీపా చాలదు. తొట్టిలో రెండు బలమైన ఇరుసులు ఎదురెదురుగా తిరుగుచు, వానికి బిగించిన ఇనుపతెడ్లు మన్నును పిసుకు యంత్రము కావలెను. కుమ్మరి కాలితో మన్ను త్రొక్కు పనినే అది చేయును.

ఇక్కడ మరువరాని నియమమొకటి. పరీక్షలో ముద్ద విడిపోవుటకు నాలుగు నిమిషములు పట్టినచో, మన్ను పీపాలో నాలుగు నిమిషములకు తక్కువ కాకుండ నిలువవలెను. ఆ వ్యవధిలో వచ్చు మన్నును నీరును పట్టునంత పీపా నిర్మింపవలెను. ఆదాయము పెంచవలెనను ఆత్రముతో రెండింతల మన్ను పోసినచో కడుగు సమయము సగమై, ఉండలు కరగకయే బయటపడును. ఎక్కువ మన్ను కడిగి తక్కువ బంగారము పొందు విచిత్రస్థితి అప్పుడు కలుగును.

బంక విడిపోయిన తరువాత జల్లెడ. బంగారపు పరిమాణ పట్టికను బట్టి జల్లెడ కన్నములను నిర్ణయింపవలెను. కన్నము మరీ చిన్నదైన పెద్ద రేణువులు రాళ్లతోపాటు కుప్పకు పోవును. జల్లెడనుండి దిగినది అడ్డుపట్టీలు గల వాలుతొట్టిమీద ప్రవహించును. దీనినే స్లూయిస్ అందురు. పట్టీల వెనుక సుడులలో బరువైన రేణువులు చిక్కుకొనును; అడుగున పరచిన గరుకు చాప సన్ననివానిని పట్టుకొనును. ఇంకను సన్నని బంగారమున్నచో నీటిని పైకి క్రిందికి కొట్టుకొనజేయు జిగ్ అను యంత్రమునో, మజ్జిగ కవ్వమువలె వేగముగా తిరిగి బరువును అనేక రెట్లు చేసి వేరుచేయు గిన్నె యంత్రమునో చేర్చవలెను. చివరకు మిగులు నల్లయిసుకనుండి మాగ్నటైటును అయస్కాంతముతో తీసివేసి, కదలు బల్లమీద కడిగి, బంగారమును కరగింతురు.

పూర్వము ఈ తుదిదశలో పాదరసము వాడెడివారు. పాదరసము బంగారమును పట్టుకొనును. దానిని కాల్చినప్పుడు విషపుటావిరియగును. నీటిలో పడినచో చేపల శరీరములలోనికి, వానినుండి మన శరీరములలోనికి వచ్చును. 2013లో కుదిరిన మినమాటా ఒడంబడిక దీనిని తగ్గించి, సాధ్యమైనచోట మాన్పించుటకు ఉద్దేశింపబడినది. భారతదేశము 2018లో దానిని ఆమోదించినది. నేటి ప్రణాళికలో పాదరసమునకు తావుండరాదు.

యంత్రశాల నడచుచున్నప్పుడు దొరికిన బంగారమును తూచుకొని తృప్తిపడుట చాలదు. పోయిన బంగారమును కూడ కొలువవలెను. దినమునకు కొన్నిమారులు చివరి కాలువనుండి కొంత మన్ను తీసి పళ్లెములో కడిగి చూడవలెను. ఉండలు కనబడినచో వానిని చేతితో విరిచి వేరుగా కడుగవలెను. ఆ ఉండలో బంగారము మెరసినదా, తప్పు పీపాలో నున్నదని తెలియును. ఉండలు లేకయే బంగారము పోవుచున్నచో నీటి చిక్కదనమునో, వాలునో, వడినో సరిచేయవలెను.

ఇక నీటి మాట. మన ఉదాహరణములో ఘనమీటరు నేలకు పది ఘనమీటర్ల నీరు కావలసినదనుకొనిన, దినమునకు 2000 ఘనమీటర్లు. అనగా ఒక ఎకరము నేలమీద అరమీటరు లోతున నిలుచు నీరు. నేలలో నూటికి 40 పాళ్లు బంకయైనచో, దినమునకు 128 టన్నుల బంక ఆ నీటిలో కలియును. లీటరునకు 64 గ్రాములు. ఈ నీరు ఎక్కడకు పోవలెను? దీనికి సమాధానము చెప్పలేని ప్రణాళిక ప్రణాళికయే కాదు.

నిలిపిన కొంతసేపటికి బురద తేరుకొనదా యందురేమో. మిల్లీమీటరులో పదవవంతు యిసుకరేణువు నిశ్చలమైన నీటిలో మీటరు లోతు దిగుటకు రెండు నిమిషములు చాలును. మిల్లీమీటరులో ఐదువందలవవంతు బంకరేణువు అదే మీటరు దిగుటకు సుమారు మూడు దినములు పట్టును. అందులో సగము పరిమాణము గలదానికి ఇంచుమించు పండ్రెండు దినములు. గాలికి నీరు కదలినచో అదియు లేదు. గోదావరికి ఎర్రనీరు వచ్చినప్పుడు మన యిండ్లలో బిందెలోపల ఇందుపగింజను అరగదీసెడివారు, పటికముక్కను త్రిప్పెడివారు. విడివిడిగా తేలు రేణువులు గుంపులుకట్టి బరువెక్కి అడుగునకు దిగును. యంత్రశాలలోను పటికనో, సున్నమునో, నేటి రసాయనములనో వాడి చేయుపని ఇదియే. సముద్రము దగ్గర ఉప్పు ఇదే పని చేయుచున్నది. మంచినీటిలో తేలివచ్చిన గోదావరి బంక ఉప్పునీటిని తాకగానే ముద్దకట్టి దిగును. మన లంకలును, తీరభూములును పెరిగిన రహస్యములలో ఇది యొకటి.

దిగిన బురదయైనను తిరిగి పూర్వపు స్థలములో పట్టదు. దినమునకు దిగు 128 టన్నుల బంక నీటిని పట్టుకొని, బరువులో నూటికి 30 పాళ్లు మాత్రమే ఘనపదార్థముగల బురదగా నిలిచినచో, అది సుమారు 350 ఘనమీటర్ల చోటు ఆక్రమించును. త్రవ్విన గుంటయో 200 ఘనమీటర్లే! యిసుకయు గులకరాళ్లును ఇంకను వేరు. కావున తేరుచెరువుల స్థలమును, గట్ల ఎత్తును, ఒక చెరువు నిండిన మరియొకటి ఆరు క్రమమును త్రవ్వకము మొదలుపెట్టకముందే నిర్ణయింపవలెను. పైమన్నును వేరుగా దాచి, చివరకు పైననే పరచవలెను. తేటనీటిని మరల యంత్రమునకే త్రిప్పవలెను. బురద కాలువలోనికి గాని, ఏటిలోనికి గాని పోరాదు.

ఈ మాటను పాటింపనందున కలిగిన ఫలితమునకు కాలిఫోర్నియా చరిత్ర సాక్షి. 1848లో అచ్చట బంగారము బయటపడినది. 1853 నుండి కొండచరియలమీదికి గొట్టములతో నీటిని చిమ్మి, కొండలనే కరగించి బంగారము తీయసాగిరి. కరగిన మన్ను యూబా మొదలగు నదులలో పడి, నదీగర్భములు మెరకయై, దిగువ సాక్రమెంటో లోయలోని పొలములు మేటవేసినవి. 1875లో మేరీస్‌విల్ పట్టణము వరదపాలైనది. దిగువ రైతుల పక్షమున వుడ్రఫ్ అను భూస్వామి నార్త్ బ్లూమ్‌ఫీల్డ్ కంపెనీమీద వ్యాజ్యము వేసెను. 1884 జనవరి 7వ తేదీన న్యాయమూర్తి లొరెంజో సాయర్ గనుల మన్నును నదులలో వదలరాదని తీర్పుచెప్పెను. త్రవ్వకము ఆగినను మన్ను ఆగలేదు. భూగర్భశాస్త్రజ్ఞుడు గిల్బర్టు 1917లో ప్రకటించిన నివేదికలో, ఆ మన్ను అలవలె మెల్లమెల్లగా దిగువకు సాగుచున్న తీరును వివరించెను. బంగారము ఎగువవారికి దక్కినది. మన్ను దిగువవారికి మిగిలినది.

మనము దిగువవారము. 1852లో ధవళేశ్వరము ఆనకట్ట పూర్తియైన నాటినుండి కోనసీమ జీవనమంతయు కాలువల వాలుమీద నడచుచున్నది. జానెడు మేట పడినచో చివరి పొలమునకు నీరెక్కదు. మురుగుకాలువ పూడినచో వానకు చేలు మునుగును. తీర గ్రామములలో మంచినీటి పొరకు దిగువన ఉప్పునీరున్నది. లోతైన గుంటలు అచ్చట ప్రమాదకరములు. 1986 ఆగస్టులో వచ్చిన వరదవంటిది గాని, 1996 నవంబరు 6నాటి తుపానువంటిది గాని ఒక్కరాత్రి వచ్చినచో బురదచెరువుల గట్లు నిలుచునా యని ముందుగనే ప్రశ్నింపవలెను. తీరమందలి నల్లయిసుకలోని మోనజైటున థోరియము కలదు గనుక ఆ వ్యవహారమున అణుశక్తిశాఖ ప్రమేయము కలదు. అచ్చటను మిగిలిన యిసుక యేమగును, నీరేమగును అను ప్రశ్నలు ఇవియే.

కావున ఎక్కడనైనను ఒండ్రునేలను కడుగు యంత్రశాల ప్రతిపాదన వచ్చినప్పుడు, బంగారమెంత వచ్చునని మాత్రమే అడిగి ఊరకుండరాదు. బంక నూటికెన్ని పాళ్లు? తడిముద్ద ఎన్ని నిమిషములకు విడిపోవును? పీపాలో మన్ను ఎంతసేపు నిలుచును? చివరి కాలువను దినమునకు ఎన్నిమారులు పరీక్షింతురు? బురద చెరువు ఎంత, దాని గట్టు ఏ వరదకు నిలుచును? ఈ ఐదు ప్రశ్నలకు అంకెలతో సమాధానము చెప్పగలవానియొద్దనే నిజమైన ప్రణాళిక కలదు. ఇవి నిపుణులు మాత్రమే అడుగవలసిన ప్రశ్నలు కావు. బంకమట్టి గుణము పుట్టుకతో ఎరిగిన మన రైతులు, మన కుమ్మరులు, ఏ గ్రామసభలోనైనను లేచి అడుగదగినవేనని మా విశ్వాసము.